కొండల్లో ఎవరు పెద్ద?

రండి రండి, ఆ పీట ఇటు లాక్కోండి. పొగ మీ వైపు తిరిగితే చెప్పండి, చోటు మార్చుకుందాం. ఇంత చలిలో మంట పక్కన కూర్చుని కొండల కబుర్లు చెప్పుకోకపోతే ఇంకేం చెప్పుకుంటాం?

ముందు ఒక చిన్న తగువు పెడతాను. తూర్పు కనుమల్లో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం ఏది? ఇంట్లో పోటీ పరీక్షలకు చదివే పిల్లలుంటే అడిగి చూడండి. ఒకరు ఠక్కున "మహేంద్రగిరి, 1501 మీటర్లు" అంటారు. ఇంకొకరు "కాదు, అరోమా కొండ, 1680" అంటారు. దాన్నే ఆర్మకొండ అనేవాళ్లున్నారు, సీతమ్మకొండ అనేవాళ్లూ ఉన్నారు. ఫోను చేతిలో ఉన్నవాడు "జింధగడ, 1690" అని తేలుస్తాడు. ఈలోగా కోరాపుట్ నుంచి వచ్చిన స్నేహితుడెవరైనా ఉంటే "మా దేవమాలి మాటేమిటి? 1672!" అని అందుకుంటాడు. ఇక ఆ పూటకి చదువు అటకెక్కినట్టే.

ఈ తగువు నాకు భలే ఇష్టం. తీరేది కాదు కాబట్టి కాదు. దాన్ని పట్టుకుని లాగితే మన ఉత్తరాంధ్ర కొండల భూగోళమంతా తీగతో పాటు డొంక కదిలినట్టు కదులుతుంది.

అసలు 1501 ఉన్నవాడికి 1690 ఉన్నవాడికన్నా పేరెందుకొచ్చింది? మహేంద్రగిరి ఒడిశా గజపతి జిల్లాలో ఉంది కానీ, మన మందస వైపు నుంచి చూసినా ఎదురుగా కనిపిస్తుంది. సముద్రానికి 30 కిలోమీటర్ల లోపే. అంటే మైదానంలో నిలబడి చూసేవాడికి కొండ పాదం నుంచి కొస దాకా మొత్తం కళ్లముందే ఉంటుంది. ఓడలో వచ్చేవాడికీ కనిపిస్తుంది. అలాంటి కొండని ఎవరు మరిచిపోతారు? పరశురాముడు తపస్సు చేసింది అక్కడేనన్నారు. కాళిదాసు రఘువంశంలో రఘు మహారాజు దండయాత్రని అటు మళ్లించాడు. కళింగాన్నేలిన గంగరాజులు ఆ కొండమీది గోకర్ణేశ్వరుణ్ణి కులదైవంగా కొలిచి శాసనాల్లో చెప్పుకున్నారు. ఇంత పరపతి ఉన్నవాణ్ణి కొలతబద్ద పెట్టి కిందికి దింపడం తేలిక కాదు. అన్నట్టు, ఇస్రో వాళ్లు రాకెట్ ఇంజన్లు పరీక్షించే మహేంద్రగిరి ఇది కాదు సుమా, అది తమిళనాడు దక్షిణ కొసన పశ్చిమ కనుమల్లో ఉంది. ఆ ఇద్దర్నీ కలిపేసి మాట్లాడేవాళ్లు నాకు తరచూ తగులుతుంటారు.

మరి మన జింధగడ, ఆర్మకొండ సంగతి? అవి పాడేరుకీ అరకుకీ మధ్య కొండల్లో ఉన్నాయి. మీరు అరకు వెళ్లే ఉంటారు. అక్కడ నేలే సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. అక్కణ్ణించి తలెత్తి చూస్తే 1690 మీటర్ల కొండ కూడా మీ తల మీదికి ఏడెనిమిది వందల మీటర్లే లేస్తుంది. చుట్టూ 1400, 1500 మీటర్ల వాళ్లు గుంపుగా నిలబడి ఉంటారు. ఎవరు ఎవరో తెలియదు. అరుగు మీద కూర్చున్నవాడి తల వీధిలో నిలబడ్డవాడి తలకన్నా ఎత్తులో ఉండొచ్చు, కానీ పొడుగెవరంటే ఊరంతా వీధిలోవాణ్ణే చూపిస్తుంది. మన శిఖరాలన్నీ అరుగు మీద కూర్చున్న బాపతు.

ఆ అరుగు అంచే మనం ఘాట్ అంటున్నది. చాలామంది తూర్పు కనుమలంటే ఒక గోడ, అటువైపు దిగితే మళ్లీ మైదానం అనుకుంటారు. దేవీపట్నం, పాపికొండలు చూసినవాళ్లకి అలా అనిపించడంలో తప్పులేదు, అక్కడ గోదావరి కొండల్ని నిలువునా కోసుకుంటూ వచ్చింది. మహానది, గోదావరి, కృష్ణ, పెన్న, ఇన్ని నదులు కోసేశాక తూర్పు కనుమలు ముక్కలు ముక్కలుగానే మిగిలాయి. కానీ మహానదికీ గోదావరికీ మధ్య ఉన్న ముక్క వేరు. పెద్దవాళ్లంతా ఆ ముక్కలోనే ఉన్నారు. అక్కడ శృంగవరపుకోట నుంచి పైకెక్కి అనంతగిరి దాటాక, అటువైపు దిగడానికి పెద్దగా ఏమీ ఉండదు. అదే ఎత్తులో అరకు లోయ, ఆపైన కోరాపుట్ పీఠభూమి. ఎక్కిన మెట్టు ఎక్కినట్టే ఉంటుంది.

ఒక పాత సంగతి కూడా చెప్పాలి. దేవమాలి వాళ్లదీ జింధగడ మనదీ అని ఇవాళ అంటున్నాం కానీ, 1936 దాకా ఈ పోటీ ఇంట్లో పోటీయే. కోరాపుట్, దేవమాలి ఉన్న జయపురం జమీందారీ అంతా మద్రాసు ప్రెసిడెన్సీలో విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడ్డప్పుడు కోరాపుట్ అటు వెళ్లింది, దాంతో దేవమాలీ వెళ్లింది. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా వచ్చాక జింధగడకీ పాత విశాఖ జిల్లాతో కాగితం మీద సంబంధం తెగిపోయింది. కొండలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి లెండి.

"అదంతా సరే, కొలిచి తేల్చేయొచ్చుగా?" అంటున్నారు. నిజమే. కానీ పది, పద్దెనిమిది మీటర్ల తేడాలంటే చెప్పుకున్నంత సులువు కాదు. సముద్రమట్టం నుంచి ఇంత అంటాం, ఏ సముద్రం, ఏ మట్టం? మన దేశంలో చాలాకాలం వాడింది 1909లో ఖరారు చేసిన లెక్క. కరాచీ నుంచి ఒడిశా తీరం దాకా తొమ్మిది రేవుల్లో అలల ఆటుపోట్లని ఏళ్ల తరబడి కొలిచి సరాసరి కట్టారు. ఆ తొమ్మిదిట్లో విశాఖపట్నం ఒకటి. అంతకుముందే, 1862లో, గ్రేట్ ట్రిగనామెట్రికల్ సర్వే వాళ్లు విశాఖ దగ్గర లోహపు కడ్డీలు ఒకదాని పక్కన ఒకటి పేర్చి కొన్ని మైళ్ల నేలని అంగుళాల లెక్కన కొలుచుకున్నారు. ఆ గీతే ఆధారంగా త్రిభుజాలు అల్లుకుంటూ కొండలమీదికి పోయారు. అప్పుడు కొండ ఎక్కి కొలిచేవాళ్లు. ఇప్పుడు ఉపగ్రహం పైనుంచి కొలుస్తోంది, నేలని గళ్లుగళ్లుగా విడగొట్టి ఒక్కో గడికి ఒక్కో ఎత్తు ఇస్తుంది. కొస సన్నగా ఉంటే ఆ గడిలో చుట్టుపక్కల పల్లం కూడా కలిసిపోయి కొన్ని మీటర్లు తగ్గుతుంది. కొసన అడవి దట్టంగా ఉంటే చెట్ల తలల్ని కూడా కొండలో కలిపేసి కొన్ని మీటర్లు పెంచుతుంది. అందుకే నేనైతే 1690, 1680, 1672 అన్న అంకెల మధ్య గెలుపోటములు పెట్టను. ముగ్గురూ ఒక ఈడువాళ్లు, అంతే.

ఇక ఆ అరుగు ఎక్కే పని చూద్దాం. ఎక్కడానికి రైలుకన్నా మంచి సాధనం లేదు. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా వేసిన ఈ లైను టూరిస్టుల కోసం వేసింది కాదు. బైలదిల్లా ఇనుప ఖనిజం విశాఖ రేవుకి, అక్కణ్ణించి జపాన్‌కి చేరాలని 1960లలో వేశారు. డబ్బులోనూ జపాన్ చెయ్యి ఉంది. బొడ్డవర దాటగానే రైలు ఒళ్లు వంచి ఎక్కడం మొదలుపెడుతుంది. శివలింగపురం, టైడా, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగుడ. మధ్యలో సొరంగాలు. 58 సొరంగాల దారి అని దీనికి పేరు. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలో పిల్లలు ఒక్క గొంతుతో కేకలు పెడతారు, చివరికి గొంతులు బొంగురుపోతాయి కానీ సొరంగాలు మాత్రం అయిపోవు. శిమిలిగుడ స్టేషన్లో బోర్డు చూడండి: 996.32 మీటర్లు. బ్రాడ్‌గేజ్ మీద ఇంతకన్నా ఎత్తైన స్టేషన్ లేదని చాలాకాలం గొప్పగా చెప్పుకునేవారు. కాశ్మీర్ లోయలోకి రైలొచ్చాక ఆ గొప్ప పోయింది. ఇంకో సంగతి గమనించండి, ఇక్కడ ఖనిజం నిండిన వ్యాగన్లు కిందికి దిగుతాయి, ఖాళీవి పైకెక్కుతాయి. ఇంజనుకి ఇది కలిసొచ్చే వ్యవహారమే గానీ, బ్రేకులకి గండం.

రోడ్డున వెళ్తే ఘాట్‌లో గాలికొండ వ్యూపాయింటు దగ్గర అందరూ ఆగుతారు. ఫొటోలు తీసుకునేవాళ్లు లోయవైపు తిరుగుతారు. మీరొక్కసారి వెనక్కి తిరిగి, రోడ్డు కోసం తొలిచిన కొండ ఒడ్డుని చూడండి. ఎర్రటి, ఇటుక రంగు రాయి. గోరుతో గీకితే కొన్నిచోట్ల పొడి రాలుతుంది. దగ్గరగా చూస్తే కందిపప్పంత, కొన్నిచోట్ల శనగలంత ముదురెరుపు చుక్కలు. అవి గార్నెట్లు. తెల్లటి చారలు సన్నగా అటూఇటూ పాకి ఉంటాయి. ఈ రాయి పేరు ఖోండలైట్. 1902లో వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త, ఈ కొండల్లో ఉండే ఖోండుల పేరు, అదే మనం కోదులంటామే, వాళ్ల పేరు దీనికి పెట్టాడు. దీని సోదరి రాయి చార్నొకైట్ కథ ఇంకా తమాషాగా ఉంటుంది. కలకత్తా నగరానికి పునాది వేశాడని చెప్పే జాబ్ చార్నాక్ సమాధి పలక ఆ రాతిదే, ఆ పలక వల్ల రాతి జాతికే ఆయన పేరొచ్చింది. ఒక రాయికి దొర పేరు, ఇంకో రాయికి గిరిజనుల పేరు. నాకైతే రెండో పేరే ముద్దు.

కోణార్క సూర్యదేవాలయం కట్టింది ఖోండలైట్‌తోనే. ఉప్పుగాలికి అక్కడి శిల్పాల ముక్కులూ మొహాలూ ఎందుకలా అరిగిపోయాయో, గాలికొండ ఒడ్డుని గోరుతో గీకి చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. అరిగిన గార్నెట్లు ఎక్కడికి పోతాయి? గెడ్డల్లో కొట్టుకుపోయి సముద్రం చేరతాయి. భీమిలి వైపు ఇసుకలో కొన్నిచోట్ల గులాబీ, ఎరుపు జాడలు కనబడతాయే, అవి ఈ కొండల తాలూకువే. ఎర్రమట్టి దిబ్బల ఇసుక కూడా వెనకాల కొండలనుంచి వచ్చిందే.

ఈ రాయి మొదట బురద. ఎప్పటిదో సముద్రపు అడుగున పేరుకున్న బురద. ఆ తర్వాత భూమి లోపలికి పోయి, పాడేరు, అనంతగిరి ప్రాంతాల్లో 900 డిగ్రీల సెంటీగ్రేడు దాటిన వేడిలో ఉడికింది. అంత వేడికి ఉడికిన రాళ్లు ప్రపంచంలో చాలా తక్కువ చోట్లే పైకి తేలాయి కాబట్టి, ఎక్కడెక్కడి శాస్త్రవేత్తలో సుత్తులు పట్టుకుని పాడేరు వస్తుంటారు. సుమారు 100 కోట్ల ఏళ్ల కిందట భారత భూభాగం, తూర్పు అంటార్కిటికా ఒకదాన్నొకటి గుద్దుకుని అతుక్కున్నప్పుడు లేచిన పర్వతాలివి. 13 కోట్ల ఏళ్ల కిందట మళ్లీ విడిపోయాయి. అప్పుడు కొండలు రెండు వాటాలయ్యాయి. మన వాటా మీద కాఫీ తోటలు పెరుగుతున్నాయి. రెండో వాటా మంచు కింద ఉంది.

హిమాలయాలకన్నా ఇవి ఎన్నో రెట్లు పాతవని దీన్నిబట్టి మీకు తెలిసిపోయే ఉంటుంది. ఇప్పుడున్న 1690 ఒకప్పటి ఎత్తులో మిగిలిన పిసరు.

మంట కాస్త ఎగదోయండి. ఇప్పుడు నాకు అన్నిటికన్నా నచ్చిన ముచ్చట చెబుతాను.

జూలై నెల. అనంతగిరి పైన వాన దంచుతోంది. రెండు చినుకులు పక్కపక్కనే పడ్డాయి. ఒకటి గట్టుకి తూర్పున పడింది, ఇంకోటి పడమట. తూర్పు చినుకు గోస్తనిలో కలిసింది. బొర్రా దగ్గర సున్నపురాయిని తొలుచుకుంటూ గుహల కిందినుంచి దూరింది, కటికి జలపాతంగా దూకింది, తాటిపూడి జలాశయంలో కాసేపు ఆగింది. ఆగిన నీళ్లలో కొన్ని విశాఖ కొళాయిల్లోకి పోయాయి. మిగిలింది భీమిలి దగ్గర సముద్రంలో కలిసింది. ప్రయాణం చిన్నది. అలాంటిదే ఇంకో చినుకు కాస్త దక్షిణాన పడితే శారదా నదిలో పోతుంది, అదీ సముద్రానికి పెద్ద దూరం నడవదు.

పడమటి చినుకు కథ వేరు. సముద్రం వీపు వెనకాలే ఉంది, కానీ దానికి దారి లేదు. అరకు లోయలో గెడ్డలు పట్టుకుని మాచ్‌ఖండ్ నదిలో పడుతుంది. ఆ మాచ్‌ఖండ్ మాడుగుల కొండల్లో పుట్టి, చేతికందే దూరంలో ఉన్న సముద్రాన్ని కాదని ఉత్తరానికి పోతుంది. జోలాపుట్ డ్యాము దాటి, డుడుమా దగ్గర 150 మీటర్లకు పైగా ఒక్క దూకు దూకుతుంది. అక్కడ ఆంధ్రా, ఒడిశా కలిసి కట్టుకున్న మాచ్‌ఖండ్ కరెంటు కేంద్రం ఉంది, 1955లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. దూకాక నదికి ఏమనిపిస్తుందో ఏమో, వెనక్కి తిరిగి నైరుతి దిక్కుగా నడుస్తుంది. పేరు కూడా మార్చుకుని సీలేరు అవుతుంది. బలిమెల దగ్గర మళ్లీ డ్యాము, ఎగువ సీలేరులో మళ్లీ టర్బైన్లు, దిగువ సీలేరులో మళ్లీ. ఒకే నీటితో పలుచోట్ల కరెంటు తీస్తున్నారు. ఇన్నిసార్లు పని చేయించుకున్నాక మోటు దగ్గర, అంటే ఆంధ్రా, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ సరిహద్దులు కలిసేచోట, శబరిలో కలుస్తుంది. శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. అప్పుడు పాపికొండల ఇరుకులోంచి పోలవరం, ధవళేశ్వరం, చివరికి కోనసీమ. భీమిలిలో తేలాల్సిన చినుకు అంతర్వేదిలో తేలుతుంది.

ఆ రెండు చినుకుల్నీ వేరు చేసిన గట్టు మీద మనకి ఏ గొప్పా కనిపించదు. అరకు బస్సు దాని మీదుగానే పోతుంది, ఎవరూ తల తిప్పి చూడరు. శిఖరం ఎత్తెంతో చెప్పే పాఠాలున్నాయి కానీ నీళ్లు ఎక్కడ చీలుతున్నాయో చూపించే పాఠం నాకు ఎక్కడా తగల్లేదు. నన్నడిగితే కొండకి అసలు ఉద్యోగం అదే.

చలి సంగతి అడిగారు కదూ. లంబసింగిలో మంచు పడుతుందని పేపర్లలో ఏటా డిసెంబరులో వస్తుంది. లంబసింగి ఎత్తు 1000 మీటర్ల చిల్లరే. దానికన్నా ఎత్తైన ఊళ్లున్నా చలి అక్కడ, చింతపల్లిలో పేరుకుంటుంది. మబ్బులేని రాత్రి నేలలోని వేడి ఆకాశంలోకి పోతుంది, చల్లబడ్డ గాలి బరువెక్కి కొండవాలు వెంట జారి పల్లంలో చేరుతుంది. గాలి కదలకపోతే తెల్లారేసరికి అక్కడే గడ్డకట్టించేస్తుంది. పాడేరు దగ్గర వంజంగి కొండమీద తెల్లవారుజామున జనం మేఘాల సముద్రం చూసి మురిసిపోతారే, అది కూడా ఈ చలిగాలి పనే. కింద చల్లగాలి, పైన వెచ్చటి గాలి, మధ్యలో చిక్కుకున్న పొగమంచు. పైకెక్కినవాడు దాన్ని పైనుంచి చూస్తాడు. లోయలో ఉన్నవాడికి పొద్దెక్కే దాకా ఎదుటి మనిషి కనిపించడు.

కొసలు బల్లపరుపుగా ఉండే కొండలు కొన్నున్నాయి, వాటి గురించి రెండు మాటలు. ఖోండలైట్ మీద లక్షల ఏళ్లు వానలు పడి పడి, సిలికా కడుక్కుపోగా అల్యూమినియం ఖనిజం నెత్తిన టోపీలా మిగిలింది. అదే బాక్సైటు. గాలికొండ, రక్తకొండ, చిత్తంగొంది, జెర్రెల, ఈ పేర్లు మీరు వార్తల్లో వినే ఉంటారు. కోరాపుట్ వైపు పంచపట్మాలి కొండమీద నాల్కో 1980ల నుంచీ తవ్వుతోంది. మనవైపు తవ్వలేదు. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు షెడ్యూల్డు ప్రాంతాల్లో గనుల లీజులు ప్రైవేటు కంపెనీలకి ఇవ్వకూడదని చెప్పింది, తర్వాత ఎన్ని ప్రయత్నాలు జరిగినా మన్యం జనం ఒప్పుకోలేదు. వాళ్ల లెక్క సూటిగా ఉంటుంది: ఆ పై పొర వాననీళ్లు పీల్చుకుంటుంది, కింద ఊటలై దిగుతుంది, ఎండాకాలంలో గెడ్డలో నీళ్లు ఆ పుణ్యమే. రెండు చినుకుల ప్రయాణం చెప్పుకున్నాం కదా, ఆ ప్రయాణం మొదలయ్యేది ఆ పొరలోనే. నేను వాళ్ల పక్షమే, దాచుకునేదేం లేదు.

మీకు వెళ్లాలని బుద్ధి పుడితే నవంబరులో వెళ్లండి, వలిసెలు పసుపుపచ్చగా పూసి ఉంటాయి. పైకి రైల్లో ఎక్కి, కిందికి రోడ్డున దిగండి. ఒకే కొండ రెండు రకాలుగా కనిపిస్తుంది. శిఖరం ఎక్కిన తృప్తి మోకాళ్లకి శ్రమ లేకుండా కావాలంటే దేవమాలి మేలు, దాదాపు కొస దాకా బండి పోతుంది. జింధగడ అలా కాదు, నడవాలి, ఊళ్లో దారి తెలిసినవాళ్లు తోడు రావాలి. ఒక్క జాగ్రత్త మాత్రం చెబుతున్నాను. దేవమాలికి దారి కోరాపుట్ జిల్లా సెమిలిగుడ మీదుగా పోతుంది. రైలు స్టేషనున్న మన శిమిలిగుడ వేరు, అది అనంతగిరి మండలంలో ఉంది. ఫోన్లో పేరు కొట్టి, సరిగ్గా చూసుకోకుండా బయల్దేరారనుకోండి, భోజనం వేళకి మీరు ఒక రాష్ట్రంలో, మీ హోటలు ఇంకో రాష్ట్రంలో ఉంటారు.